100 ఎంబీపీఎస్ ప్లాన్, లోపలి గదిలో 8: మిద్దె ఇంట్లో నెట్, కంప్యూటర్లకు కాపలా

పాతూరు మిద్దె · అనంతపురం

అందరికీ నమస్కారం. ఇంటి వివరాలు మొత్తం పెడుతున్నా, చూసి చెప్పండి.

ముందు భాగం పాత రాతి మిద్దె, గోడ మందం అడుగున్నర. వెనక కొత్తగా వేసిన స్లాబు గదులు రెండు, వాటి మీద ఇంకో గది. ఫైబర్ లైన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. కంపెనీ వాళ్లు ఇచ్చిన తెల్ల డబ్బా ముందు గదిలో ఇనుప బీరువా మీద ఉంది. దాని పక్కనే కూర్చుంటే ఫోన్‌లో 38 నుంచి 40 వస్తుంది. వెనక గదిలో 8. మేడ మీద అసలు పట్టదు. సాయంత్రం పూట అప్పుడప్పుడు పూర్తిగా ఆగిపోతుంది.

మెషీన్లు: విండోస్ 11 ల్యాప్‌టాప్ ఒకటి, విండోస్ 10 డెస్క్‌టాప్ ఒకటి, అంగడి బిల్లింగ్‌కు విండోస్ 7 పాత సిస్టమ్ ఒకటి (డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ దానికే ఉంది). నాలుగు కెమెరాల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె), ఫోన్‌లో చూసుకునేలా పెట్టారు. వైఫై పాస్‌వర్డ్ నాన్న సెల్ నంబర్.

అడగదలిచింది: తప్పు లైన్‌దా, డబ్బాదా? రేంజ్ ఎక్స్‌టెండర్ కొంటే సరిపోతుందా? యాంటీవైరస్ డబ్బు పెట్టి కొనాలా? విండోస్ 7 సిస్టమ్‌ను ఏం చేయాలి?

---

బురుజు కింద · కర్నూలు

ఎక్స్‌టెండర్ కొనకండి అన్నా. తప్పు ఎక్కడుందో తేలకుండా ఏదీ కొనకండి.

వీధి స్తంభం నుంచి మీ ల్యాప్‌టాప్ దాకా నాలుగు అంగలు ఉన్నాయి. గాజు తీగ, డబ్బా, గాలి, మెషీన్. ఒక్కో అంగను విడిగా కొలవాలి. ల్యాప్‌టాప్‌ను వైరుతో డబ్బా వెనక ల్యాన్ పోర్టుకు పెట్టండి, వైఫై ఆఫ్ చేయండి, మిగతా ఫోన్లు, టీవీ అన్నీ కాసేపు తప్పించి స్పీడ్ టెస్ట్ చేయండి. వైరు మీద 90కి పైన వస్తే లైన్ బాగున్నట్టే, గొడవంతా గాలిలో ఉంది. వైరు మీద కూడా 40 వస్తే కంపెనీకి ఫోన్ చేయాల్సిందే.

సాయంత్రం ఆగిపోతుంది అన్నారు కదా, అప్పుడు డబ్బా మీద లైట్లు చూడండి. లాస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగితే వెలుతురు రావడం లేదని అర్థం. పాన్ లైటు మినుకు మినుకు అంటుంటే వెలుతురు వస్తోంది కానీ కంపెనీ వైపుతో కలవడం కుదరలేదు. రెండూ బాగుండి నెట్ రాకపోతే లాగిన్ దగ్గరో, డీఎన్‌ఎస్ (సైటు పేరును దాని అంకెల అడ్రసుగా మార్చేది) దగ్గరో తప్పు. అది తేల్చడానికి నల్ల కమాండ్ కిటికీ తెరిచి పింగ్ 8.8.8.8 కొట్టండి. దానికి జవాబు వచ్చి సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్. దానికీ జవాబు రాకపోతే లైను లేదా లాగిన్.

ఇంకో ముఖ్యమైన అంకె ఉంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి డబ్బా పేజీలోకి పోతే, పాన్ స్టేటస్ లేదా ఆప్టికల్ ఇన్ఫో అనే చోట ఆర్ఎక్స్ పవర్ అని ఉంటుంది. అది డబ్బాకు అందే వెలుతురు బలం, డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకె. మైనస్ తర్వాత అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. ఇళ్లలో వాడే జీపాన్ (ఫైబర్ నెట్ రకం) డబ్బాలు మామూలుగా మైనస్ 27 వరకే చదవగలవు. మైనస్ 26 దగ్గర నడుస్తున్న లైను ఎండకో, గాలికో కాస్త కదిలితే చాలు, తెగుతుంది. మీ సాయంత్రం జబ్బు అదే కావొచ్చు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, ఆగిపోయినప్పుడు ఒకసారి ఆ అంకె రాసిపెట్టుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ స్లో" అని చెబితే రీస్టార్ట్ చేయమంటారు. "ఆర్ఎక్స్ పవర్ మైనస్ 28 వస్తోంది" అని చెబితే మనిషిని పంపిస్తారు.

---

పెన్నా ఒడ్డు · తాడిపత్రి

బీరువా మీద పెట్టినారు, ఆడనే సగం పోయిందప్పా. ఇనుము వైఫైని అద్దం మాదిరి వెనక్కి కొడతాది. దానికి తోడు అడుగున్నర రాతి గోడ. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ గోడ దాటేది వట్టిమాట, 2.4 కూడా కుంటుతా పోతాది.

డబ్బాను ముందుగా బీరువా మీంచి దించండి. గోడ గూట్లో పెట్టొద్దు, అటక మీద పెట్టొద్దు. మనిషి ఎత్తున, వెనక గది తలుపుకు ఎదురుగా ఉండేట్ల పెడితే తలుపు సందులోంచి అయినా పోతాది.

ఇంకోటి శానామంది చూడరు. మన అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు మామూలు. డబ్బా కింద అచ్చు చదవండి, 0 నుంచి 40 డిగ్రీలు అని ఉంటాది శానావాటికి. రేకుల కిందనో, మూసిన చెక్కపెట్టెలోనో పెడితే లోపల 50 దాటుతాది. అప్పుడు అదే ఆగి అదే మొదలవుతా ఉంటాది. అడాప్టరు ముసలిదైతే ఇంకా గొడవ. 12 వోల్టులు ఇయ్యాల్సింది బరువు పడినప్పుడు 11కి జారతాది. మల్టీమీటర్ ఉంటే చూడండి, లేకుంటే అదే వోల్టేజీ, అంతే లేక అంతకన్నా ఎక్కువ ఆంపియర్ ఉండే ఇంకో అడాప్టరు పెట్టి చూడండి. వోల్టేజీ మాత్రం మారకూడదు. 9 వోల్టుల డబ్బాకి 12 పెడితే కాలిపోతాది.

---

బురుజు కింద · కర్నూలు

పెన్నా అన్న చెప్పినట్టు డబ్బాను జరిపేటప్పుడు ఒక జాగ్రత్త. పసుపు లేదా తెల్ల గాజు తీగను మడత పెట్టవద్దు. పాత రకం తీగ 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగుతుగా వంచితే వెలుతురు బయటికి కారిపోతుంది. మిగిలిన తీగను అన్నం గిన్నె అంత చుట్టగా చుట్టి వదులుగా కట్టండి, మేకు కొట్టి బిగించవద్దు. కొసన ఉన్న ఆకుపచ్చ కనెక్టర్‌ను ఊడదీస్తే ముఖాన్ని వేలితో తాకవద్దు, నోటితో ఊదవద్దు. ఆకుపచ్చ దాన్ని నీలం రంగు దాంట్లోకి ఎక్కించవద్దు. ఆకుపచ్చ దాని ముఖం 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలం దాంతో కలవదు, వెలుతురు పోతుంది. కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడవద్దు. అందులో వచ్చే లేజర్ 1490 నానోమీటర్లు, కంటికి కనపడదు, కానీ కన్నును దెబ్బతీయగలదు.

---

పాతూరు మిద్దె · అనంతపురం

చూశాను. వైరు మీద 41. ఆర్ఎక్స్ పవర్ పొద్దున మైనస్ 26.9, మధ్యాహ్నం మైనస్ 28.4. కంపెనీకి అంకెలతో సహా ఫిర్యాదు పెట్టాను. ఈలోపు వెనక గదులకు ఏం చేయాలో చెప్పండి. రీసెట్ బొత్తాం నొక్కి చూడమని ఒకరన్నారు.

---

బురుజు కింద · కర్నూలు

రీసెట్ నొక్కొద్దు! సూదితో పది సెకన్లు నొక్కితే డబ్బాలో ఉన్న లాగిన్ పేరు, వీల్యాన్ నంబర్ లాంటి కంపెనీ సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. కంపెనీ మనిషి వచ్చేదాకా అసలు నెట్ ఉండదు. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు.

మైనస్ 28.4 అంటే మీ లైను గట్టు అంచు దాటి నడుస్తోంది. కనెక్టర్ మార్చడమో, జాయింటు మళ్లీ వేయడమో చేయాలి.

---

పెన్నా ఒడ్డు · తాడిపత్రి

వెనక గదులకు వైరు లాగండి. రాతి ఇంటికి అంతకు మించిన మందు లేదు. ఎక్స్‌టెండర్ ఏం చేస్తాదంటే, గాలిలో విన్నదాన్నే మళ్ల గాలిలో అరుస్తాది. చవక రకాల్లో విని, చెప్పేకి ఒకటే రేడియో, కాబట్టి స్పీడు సగం. వెనక గదిలో 8 పట్టేచోట పెడితే ఆ 8ని 4 చేసి మేడకు పంపుతాది.

ముందు గది నుంచి వెనక గదికి 20 మీటర్లు అనుకుందాం, మలుపులకు, కొసలకు 3 మీటర్లు కలుపుకోండి. క్యాట్6 కానీ క్యాట్5ఈ కానీ చాలు. 1000 ఎంబీపీఎస్ రెండింట్లోనూ 100 మీటర్ల దాకా పోతాది. అంగట్లో తీసుకునేటప్పుడు బ్లేడుతో ఒక పోగు గీరి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా అగపడితే అల్యూమినియం మీద రాగి పూత, అది ఊరికే ఇచ్చినా వద్దు. నాలుగు సార్లు వంచితే విరుగుతాది.

కరెంటు వైర్లు పోయే పైపులోనే నెట్ వైరు తోయొద్దు. వేరే పైపు, ముప్పావు అంగుళం. వైరు ముందు లాగండి, జాక్ తర్వాత కొట్టండి, లేకుంటే జాక్ మలుపులో తగులుకుంటాది.

జాక్ కొట్టేది ఇట్ల. పైన తొడుగు అంగుళానికి కొంచెం తక్కువ కోసి, పోగులు విప్పి, చదును చేసి, వరసలో పెట్టి, అర అంగుళం మిగిలేట్ల ఒకే దెబ్బకు సాపుగా కత్తిరించండి. జాక్ క్లిప్పు కింద వైపు, బంగారు పళ్లు పైన అగపడేట్ల, వైరు దూరే నోరు మీ వైపు ఉండేట్ల పట్టుకుంటే ఎడమ నుంచి వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలూ ఇదే. తొడుగు కూడా జాక్ లోపలికి పోవాల, క్లిప్పు దాన్ని కరుచుకోవాల. పోగులు బయట అగపడతా ఉంటే కోసి మళ్ల కొట్టండి, సిగ్గేం లేదు.

కొందరు తెలియక నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని వరసగా పెడతారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ బాగా వెలుగుతాయి, స్పీడు మాత్రం రాదు. ఎందుకంటే 3, 6 పళ్లు ఒకే మెలికలో ఉండే జత కావాల. మెలిక తప్పితే ఒక జత మాట ఇంకో జతకు వినపడతాది. లైట్ల టెస్టర్ ఈ తప్పును పట్టలేదు.

---

హంద్రీ గట్టు · కర్నూలు

వైరు కొసన పెట్టే రెండో రౌటర్ గురించి నేను చెప్తాను. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు.

వైరును రెండో రౌటర్ వ్యాన్ పోర్టుకు (బయటి నెట్ వచ్చే పోర్టు) పెట్టి వదిలేస్తే ఇంట్లో రెండు వేరు వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. ముందు గది ప్రింటర్ వెనక గదికి కనపడదు. దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే అదే నెట్‌ను వైఫైగా పంచే డబ్బాగా మార్చాలి. మెనూలో ఆపరేషన్ మోడ్ అని ఉంటే యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి, పని అయిపోతుంది. ఆ మోడ్ లేకపోతే చేత్తో చేయాలి. ముందు దాని అడ్రసు 192.168.1.2 గా మార్చండి, తర్వాత దాని డీహెచ్‌సీపీ (మెషీన్లకు అడ్రసులు పంచే పని) ఆఫ్ చేయండి, చివరగా వైరును దాని ల్యాన్ పోర్టుకు పెట్టండి, వ్యాన్ ఖాళీగా ఉంచండి. ఈ వరస తప్పకండి. అడ్రసు మార్చకుండా కలిపితే రెండు డబ్బాలూ 192.168.1.1 అంటాయి, ఇంట్లో ఏదీ నడవదు. డీహెచ్‌సీపీ ఆఫ్ చేయకపోతే రెండూ అడ్రసులు పంచుతాయి, కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు, తల పట్టుకుంటారు.

రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. ఛానెల్ మాత్రం వేరు. 2.4లో ఒకటి 1, ఇంకోటి 6 లేదా 11. మధ్యలో 3, 4 అని పెడితే అటూ ఇటూ ఇద్దరికీ అడ్డం. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. ఇళ్లు ఆనుకుని ఉండే వీధిలో 40 పెట్టడం పక్కింటి వాళ్లతో పోట్లాడినట్టే.

మీరు దేంట్లో కలిశారో అడ్రసు చూస్తేనే తెలుస్తుంది. 192.168 తో గానీ 10 తో గానీ మొదలైతే ఇంటి లోపలి అడ్రసు. 169.254 తో మొదలైతే మెషీన్‌కు ఎవరూ అడ్రసు ఇవ్వలేదు, వైరో డీహెచ్‌సీపీయో చూసుకోవాలి. డబ్బా వ్యాన్ పేజీలో 100.64 నుంచి 100.127 లోపు అడ్రసు ఉంటే కంపెనీ ఒకే బయటి అడ్రసును చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. దానివల్ల మామూలు వాడకానికి నష్టం లేదు, బయటి నుంచి నేరుగా ఇంటి కెమెరాకు దారి మాత్రం ఉండదు.

---

దేవుని గడప · కడప

సెల్ నంబర్ పాస్‌వర్డ్ అన్నారు. స్పీడు సంగతి రేపు చూసుకోవచ్చు, అది మాత్రం ఈ రోజే మార్చండి. ఎందుకో లెక్కతో చెప్తా.

డబ్ల్యూపీఏ2 (వైఫై తాళం రకం) ఉన్న వైఫైలో మీ ఫోన్ కలిసేటప్పుడు జరిగే పలకరింపును వీధిలో నిలబడినవాడు పట్టి ఇంటికి తీసుకుపోవచ్చు. ఆ తర్వాత మీ ఇంటితో పని లేదు, తన కంప్యూటర్ మీద తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్ వేసి చూసుకుంటాడు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు లక్షల్లో వేస్తుంది. 5 లక్షలే అనుకుందాం. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9 తో మొదలవుతాయి, తర్వాత తొమ్మిది అంకెలు. మొత్తం 400 కోట్లు. 8,000 సెకన్లు, అంటే రెండుంబావు గంటలకు లోపే అన్నీ అయిపోతాయి. ఎనిమిది అంకెల పుట్టినరోజు పెట్టినవాళ్లకు 200 సెకన్లు కూడా ఆగదు.

ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి, మధ్యలో ఒక అంకె. ఉగ్గాని, దూలం, గాలిపటం, వేరుశెనగ ఇలాంటివి. ఇక్కడ రాసినవి వాడకండి, మీవి మీరు ఎంచుకోండి. 16 అక్షరాలు దాటాలి. 63 వరకు పెట్టుకోవచ్చు. సామెత, పాట పల్లవి, దేవుడి పేరు వద్దు. నోటికి వచ్చే వరస ఏదైనా దొంగలు వేసి చూసే పాస్‌వర్డ్ చిట్టాల్లో ఉంటుంది.

డబ్బా పేజీలో ఇంకా ఏం చేయాలంటే: భద్రత రకం డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 కలిపినది. డబ్ల్యూఈపీ, టీకేఐపీ అనే పాత రకాలు కనపడితే తీసేయండి. డబ్ల్యూపీఎస్ (బొత్తాంతోనో, పిన్‌తోనో వైఫైలో కలిపే దారి) ఆఫ్. దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా డబ్బా దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్క కట్టి వచ్చేదే. అందుకే 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. 2011లోనే ఇది బయటపడింది, ఇప్పటికీ ఆన్‌లోనే వచ్చే డబ్బాలు ఉన్నాయి. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి డబ్బా పేజీ తెరవడం) ఆఫ్. యూపీఎన్‌పీ (మెషీన్లు తమంతట తామే డబ్బాలో దారి తెరిచే వసతి) ఆఫ్. డబ్బా పేజీ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి వైఫై పాస్‌వర్డ్‌కు సంబంధం లేనిది పెట్టండి, కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో దాచండి. ఇంట్లో కాగితం మీద ఉండటం తప్పు కాదు, డబ్బా మీద అతికించడం తప్పు.

అదే పేజీలో డీఎన్‌ఎస్ అడ్రసులు చూడండి. కంపెనీవి, లేదా 8.8.8.8, 1.1.1.1, 9.9.9.9 లాంటివి ఉంటే సరే. ఎవరివో తెలియని అడ్రసు ఉంటే ఎవరో డబ్బాలోకి దూరి మార్చారు. బ్యాంకు పేరు కొడితే ఇంకో ఇంటికి పంపగల తాళం అది. 1.1.1.2 పెడితే హాని చేసే సైట్లను పేరు దగ్గరే ఆపుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు.

కలిసి ఉన్న మెషీన్ల జాబితాలో తెలియని పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసు (మెషీన్ గుర్తింపు సంఖ్య) బదులు మారు అడ్రసు చూపిస్తాయి. పాస్‌వర్డ్ మార్చి ఒక్కో ఫోన్‌నూ మీరే కలుపుతూ లెక్క పెట్టుకోండి. అన్నీ కలిపాక కూడా ఒకటి ఎక్కువ వస్తే అప్పుడు ఆలోచించాలి.

---

పాతూరు మిద్దె · అనంతపురం

డీవీఆర్ కూడా ఇదే నెట్‌లో ఉంది. దాని పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు.

---

దేవుని గడప · కడప

ఇంట్లో అన్నిటికన్నా బలహీనమైన తలుపు అదే. 2016లో మిరాయ్ అనే పురుగు (వైరస్ లాంటి ప్రోగ్రామ్) లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను పట్టింది. అది కొత్త విద్య ఏదీ వాడలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే అరవై చిల్లర పేరు-పాస్‌వర్డ్ జతల చిట్టా పట్టుకుని ఒక్కో తలుపూ తట్టుకుంటూ పోయింది, అంతే.

డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చండి. తెలియకపోతే పెట్టినవాళ్లను పిలిపించి మీ ఎదురుగా మార్పించండి, టైప్ చేసేటప్పుడు మీరే చేయండి. వాళ్ల ఫోన్‌లో మీ కెమెరాలు ఇంకా కనపడుతున్నాయా అని యాప్‌లో పంచుకున్న ఖాతాల జాబితా చూసి తీసేయండి. డబ్బాలో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంటి మెషీన్‌కు తెరిచిన దారులు) జాబితా తెరిచి, డీవీఆర్ కోసం తెరిచినవి ఉంటే తుడిచేయండి. కొత్త ఫర్మ్‌వేర్ (డీవీఆర్ లోపలి ప్రోగ్రామ్) ఉంటే తయారీదారు సొంత సైట్ నుంచే వేయండి.

డీవీఆర్‌ను, టీవీని గెస్ట్ వైఫైలో (ఇంటి మెషీన్లకు విడిగా ఉండే వైఫై) పెట్టమని చాలామంది చెబుతారు, మంచి మాటే. డీవీఆర్‌కు వైరే ఉంటే అది కుదరదు. గెస్ట్ వైఫై అని పేరు పెట్టుకున్నంత మాత్రాన గోడ లేచినట్టు కాదు, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో కొన్ని చవక రౌటర్లు వేరు చేయవు. పరీక్ష సులభం: ఫోన్‌ను గెస్ట్‌లో కలిపి 192.168.1.1 తెరవండి. డబ్బా పేజీ వస్తే గోడ లేదు.

---

హంద్రీ గట్టు · కర్నూలు

ఇక కంప్యూటర్లు.

యాంటీవైరస్ కొనాల్సిన పని లేదు. విండోస్ 10, 11లో ఉన్న డిఫెండర్ ఇంటికి చాలు, ఒక షరతు మీద: అది నిజంగా నడుస్తూ ఉండాలి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో కిందికి పోయి ఎక్స్‌క్లూజన్స్ (డిఫెండర్ చూడకుండా వదిలేసేవి) అని ఉన్నది చూడండి. అక్కడ సీ డ్రైవ్ మొత్తమో, టెంప్ ఫోల్డరో ఉంటే, ఎవరో క్రాక్ (డబ్బు కట్టకుండా ప్రోగ్రామ్ నడిపించే దొంగ సాధనం) వేసి డిఫెండర్ కళ్లకు గంతలు కట్టి పోయారు. బయట విండోస్ ఎక్కించుకున్న సిస్టముల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఆ వరసలు తీసేసి, అక్కడే ఉండే ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. మెషీన్ ఆగి మళ్లీ లేస్తుంది, పావుగంట పట్టొచ్చు. క్రాక్ వేసిన విండోస్‌ను బాగు చేయడం కన్నా శుభ్రంగా మళ్లీ ఎక్కించడం మేలని నా గట్టి అభిప్రాయం.

రోజూ వాడే ఖాతా అడ్మిన్ కాకూడదు. అడ్మిన్ ఖాతా ఒకటి విడిగా చేసి, పిల్లలు, పెద్దలు అందరూ స్టాండర్డ్ యూజర్‌తో నడవండి. ఏదైనా ఎక్కించబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ అడిగిన క్షణం చాలా నష్టాలను ఆపుతుంది.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పొడిగింపులో చేరిన ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 (భద్రతా చిప్) కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైన. టీపీఎం ఉండీ బయోస్‌లో (మెషీన్ లేచేటప్పటి సెట్టింగులు) ఆఫ్‌లో ఉండటం మామూలే, కొత్త సిస్టమ్ కొనేముందు అది చూడండి.

విండోస్ 7 సంగతి. 2020 జనవరి 14తో దానికి అప్‌డేట్లు ఆగాయి. బిల్లింగ్, ప్రింటర్ కోసమే అయితే నెట్ వైరు పీకేయండి, హాయిగా నడుస్తుంది. వేరే మెషీన్ నుంచి దానికి ఫైళ్లు పంపాల్సి ఉంటే అడ్రసు చేత్తో ఇవ్వండి: 192.168.1.250, మాస్క్ 255.255.255.0, గేట్‌వే (బయటికి పోయే దారి) ఖాళీ, డీఎన్‌ఎస్ ఖాళీ. ముందుగా డబ్బాలో డీహెచ్‌సీపీ పంచే వరస 200 దగ్గర ఆగేలా మార్చండి, లేకపోతే అదే అడ్రసు ఏదో ఒకరోజు ఇంకో ఫోన్‌కు పోతుంది. గేట్‌వే లేకపోతే ఇంట్లో మాట్లాడుతుంది, వీధిలోకి పోదు. కానీ ఇంట్లో ఇంకో మెషీన్‌కు పురుగు పడితే దీనికీ అంటుతుంది, అందుకే నా మొదటి సలహా వైరు పీకడమే.

అన్నిట్లోనూ ఎస్ఎంబీ1 (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) తీసేయండి. విండోస్ ఫీచర్స్ జాబితాలో ఉంటుంది, 7లో మాత్రం ఆ గడి కనపడదు, రిజిస్ట్రీలో మార్చాలి. 2017 మేలో వాన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసే పురుగు ఆ తలుపులోంచే పాకింది. మైక్రోసాఫ్ట్ అతుకు (ప్యాచ్) అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు పోయారు. విండోస్ 7, 10, 11 మధ్య ఫైళ్లు పంచుకోవడానికి ఎస్ఎంబీ1 అవసరం లేదు. ఎక్స్‌పీ ఉంటేనే అవసరం.

---

పాతూరు మిద్దె · అనంతపురం

బిల్లింగ్ డేటా బ్యాకప్ డెస్క్‌టాప్‌కు తగిలించిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉంది అక్కా. ఎప్పుడూ తగిలించే ఉంటుంది.

---

హంద్రీ గట్టు · కర్నూలు

తగిలించి ఉన్నది బ్యాకప్ కాదు తమ్ముడూ. ఫైళ్లకు తాళం వేసే పురుగు వచ్చిందంటే సీ, డీతో పాటు ఆ డ్రైవ్‌కూ తాళం వేస్తుంది. రెండు డ్రైవులు పెట్టుకోండి. వారం విడిచి వారం మార్చి తగిలించండి, కాపీ కాగానే పీకి, ఒకటి వేరే ఇంట్లోనో, అంగట్లోనో ఉంచండి. నెలకోసారి అందులోంచి ఒక పాత బిల్లు ఫైలు తీసి, ఇంకో ఫోల్డర్లో తెరిచి చూడండి. తెరుచుకున్నప్పుడే అది బ్యాకప్.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా ఆన్ చేయండి, రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద ఉంటుంది. ఆన్ చేశాక డాక్యుమెంట్స్‌లోకి రాసే ప్రోగ్రామ్ ఏదైనా సేవ్ కావడం లేదంటే దాన్నే అనుమతి జాబితాలో కలపండి, మొత్తం ఆఫ్ చేయకండి.

---

దేవుని గడప · కడప

ఇంత కట్టుదిట్టం చేసినా దొంగ ఇప్పుడు గోడ దూకడం లేదు, పిలిపించుకుని వస్తున్నాడు. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ జాబితా అని ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. పత్రిక అయితే బొమ్మో, పీడీఎఫ్‌ఓ కావాలి. ఏపీకే అంటే అది ప్రోగ్రామ్. ఎక్కించగానే ఎస్ఎంఎస్ చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే మీ ఓటీపీలు వాడి చేతిలో ఉన్నట్టే. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చిందని నమ్మవద్దు, ముందు వాళ్ల ఫోన్ పట్టి, దాంట్లోంచి అందరికీ పంపుతారు.

ఎక్కించేశారనుకోండి. మొదట ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆఫ్. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే. ఆ నంబర్‌కు ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ, తెల్లారి చూద్దాం అనుకోవద్దు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ రెండింట్లోనూ ఆ యాప్ అనుమతి తీసేసి అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. అనుమతి తీయకుండా పీకబోతే కొన్ని ఊడవు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. ఫోటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. కాల్స్ ఎవరికైనా మళ్లిస్తున్నారేమో చూడటానికి *#21#, అన్నీ రద్దు చేయడానికి ##002#.

ఫోన్ చేసి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేసుకోమనేవాడు, కేవైసీ ఆగిపోయిందనేవాడు, డిజిటల్ అరెస్ట్ అనేవాడు, అందరూ ఒకటే. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ రెండు ముక్కలు చెప్పి, అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి మీకు చేయమనండి. కంప్యూటర్‌కు పురుగు పట్టిందని అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి.

---

పెన్నా ఒడ్డు · తాడిపత్రి

కరెంటు మాట ఎవరూ ఎత్తలేదు. ఎండాకాలం ఉరుముల వాన ముందర డబ్బా, రౌటర్, డీవీఆర్ ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, పీకాల. ఫైబర్‌లోంచి పిడుగు రాదు అంటారు. గాజులోంచి రాదు, నిజమే, కానీ స్తంభం నుంచి వచ్చే డ్రాప్ వైరులో గాజుకు పక్కన ఇనుప తీగ ఉంటాది. ఆ తీగను గోడ బయట కొక్కెం దగ్గరే కట్టేయాల, ఇంట్లోకి తేకూడదు. కరెంటు స్తంభాల మీద పోయే లైనైతే ఇది ఇంకా ముఖ్యం.

ఇంటి నుంచి అంగడికో, గొడ్ల కొట్టానికో బయట గాలిలో రాగి నెట్ వైరు వేలాడదీయొద్దు. రెండు కట్టడాలకు ఎర్తులు వేరు, పిడుగు దగ్గర్లో పడితే రెండు పక్కలా పోర్టులు పోతాయి. ఆ దూరానికి ఫైబరూ, రెండు మీడియా కన్వర్టర్లూ (గాజు తీగను రాగి నెట్ వైరుకు కలిపేవి) వాడండి.

కరెంటు పోయినప్పుడు నడిచేకి మినీ యూపీఎస్ మంచిదే. లెక్క చూసి కొనండి. 8,800 ఎంఏహెచ్ అని రాసుంటే 3.7 వోల్టులతో గుణించండి, 32 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే 26. డబ్బా 10 వాట్లు తింటే రెండున్నర గంటలు. రెండో రౌటర్ కూడా దానికే పెడితే గంటన్నరకు దిగుతాది.

---

పాతూరు మిద్దె · అనంతపురం

కంపెనీ వాళ్లు వచ్చి కనెక్టర్ మార్చారు. ఆర్ఎక్స్ పవర్ ఇప్పుడు మైనస్ 20.6, మధ్యాహ్నం మైనస్ 20.9. సాయంత్రం ఆగడం లేదు. వైఫై, డబ్బా, డీవీఆర్ పాస్‌వర్డ్‌లు మూడూ మారాయి, డీవీఆర్‌కు రెండు పోర్టులు తెరిచి ఉన్నాయి, తుడిచేశాను. విండోస్ 10 ఎక్స్‌క్లూజన్స్‌లో సీ డ్రైవ్ మొత్తం ఉంది, దాన్ని ఆదివారం ఫార్మాట్ చేస్తున్నా. వెనక గదికి 23 మీటర్ల క్యాట్6 లాగాం. ముందు గదిలో వైరు మీద 103 వస్తుంటే వెనక గదిలో వైరు మీద 94 దగ్గర ఆగుతోంది. వైరు తప్పా?

---

పెన్నా ఒడ్డు · తాడిపత్రి

94 అంటేనే పోర్టు 100లో కలిసిందని అర్థం. ల్యాప్‌టాప్‌లో ఈథర్‌నెట్ పేజీలో లింక్ స్పీడ్ చూడండి, 100/100 అని ఉంటాది. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. 1000కి నాలుగూ కావాల. కాబట్టి ఒకటి, వెనక పెట్టిన రౌటర్ పోర్టే 100 రకం అయి ఉంటాది, దాని పెట్టె మీద 10/100 అనో గిగాబిట్ అనో చదవండి. అది గిగాబిట్ అయితే నీలమో, గోధుమో జత ఒక కొసన పట్టలేదు. టెస్టర్‌లో 4, 5, 7, 8 లైట్లు చూసి, వెలగని వైపు జాక్ కోసి కొత్తది కొట్టండి. రెండు అంగుళాల వైరు గోడలో మడిచి వదిలింటారు కదా, దాంట్లోంచి వస్తాది.